ఏలినవారిని లెక్క అడిగిన తల్లులు

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



కాలేజీకి వెళ్ళిన పిల్ల ఇంటికి రావలసిన వేళకి ఓ పావుగంట ఆలస్యమైతే మనం ఏం చేస్తామో వేరే చెప్పక్కర్లేదు. పొయ్యిమీద కూర మాడుతున్నా పట్టదు. నాలుగుసార్లు గుమ్మంలోకి వస్తాం. అయిదోసారి వీధి చివరిదాకా వెళ్ళి చూసొస్తాం. ఆ పిల్ల కాస్తా సైకిలు నడిపించుకుంటూ వచ్చి "చైను ఊడిపోయిందమ్మా" అంటే, పోయిన ప్రాణం లేచొచ్చినా పైకి మాత్రం నాలుగు చీవాట్లు పెడతాం.

ఆ పావుగంట అలాగే సాగి సాగి, రాత్రయి, వారమయి, ఏడాదయి, ఆ పిల్ల ఇక రానే రాకపోతే? ఏ గుమ్మం ఎక్కి అడిగినా "మాకు తెలియదు" అంటే? అలా అన్నది సాక్షాత్తూ దేశాన్ని ఏలుతున్నవాళ్ళే అయితే? ఇవాళ నేను చెప్పబోయేది అటువంటి తల్లుల సంగతి. ఇది కల్పన కాదు, చరిత్ర. మనలాగే వంటా వార్పూ, పిల్లల చదువులూ, నెలాఖరు ఖర్చులూ తప్ప రాజకీయాల జోలికి పోని గృహిణులు కొందరు, దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సేనాపతుల్ని లెక్క అడిగారు. అడిగి ఊరుకోలేదు. లెక్క తేలేదాకా అడుగుతూనే ఉన్నారు.

ఈ సంగతి జరిగింది దక్షిణ అమెరికా ఖండంలో దక్షిణపు కొసదాకా సాగిన అర్జెంటీనా దేశంలో. గోధుమలకీ, పశుసంపదకీ, ఫుట్‌బాల్‌కీ పేరుపడ్డ దేశం. రాజధాని బ్యూనస్ అయిరిస్. ఆ నగరం నడిబొడ్డున ప్లాజా ద మాయో అని ఒక పెద్ద చౌకు ఉంది. మాయో అంటే మే నెల. 1810 మే నెలలో, స్పెయిన్ రాజు తరఫున ఏలుతున్న అధికారిని ఊరి పెద్దలు దింపేస్తున్నప్పుడు, జనం ఈ చౌకులో చేరి "లోపల ఏం జరుగుతోందో మాకు చెప్పండి" అని నిలదీశారని అక్కడి పిల్లలు బళ్ళో చదువుకుంటారు. దాని జ్ఞాపకంగా చౌకు మధ్యలో తెల్లటి స్తంభం ఒకటి ఉంది. దాన్ని పిరమిడ్ అంటారు. ఎదురుగా గులాబీరంగు భవనం, దేశాధ్యక్షుడు కూర్చునే చోటు. అంటే జనం లెక్క అడగడమూ, ఏలినవారు జవాబు చెప్పడమూ అన్న ఆచారం మీదే ఆ చౌకు వెలిసిందన్నమాట.

1974 జూలైలో అధ్యక్షుడు పెరోన్ చనిపోతే, ఉపాధ్యక్షురాలుగా ఉన్న ఆయన భార్య ఇసబెల్ పెరోన్ అధ్యక్షురాలయింది. ఆవిడకి పరిపాలన చేతకాలేదు. ఉదయం ఉన్న ధర సాయంత్రానికి ఉండేది కాదు. ఒకవైపు విప్లవం పేరుతో ఆయుధాలు పట్టినవాళ్ళు బాంబులు వేసేవారు, మనుషుల్ని ఎత్తుకుపోయేవారు. ఇంకోవైపు వాళ్ళని చంపడానికి తయారైన ముఠాలు. ఇలా ఉండగా 1976 మార్చి 24న సైన్యం ఆవిడని దింపేసి అధికారం తీసుకుంది. భూసేనకి విదేలా, నౌకాదళానికి మస్సేరా, వాయుసేనకి అగోస్తి, ముగ్గురూ కలిసి పగ్గాలు పట్టారు. విదేలా అధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ ఒక్క సంగతి దాచకుండా చెప్పుకోవాలి. సైన్యం వచ్చినరోజున చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. "పోనీలెండి, కాస్త క్రమశిక్షణ వస్తుంది, వీధులు శుభ్రపడతాయి" అనుకున్నారు. విసిగిపోయిన జనం ఎప్పుడూ అలాగే అనుకుంటారు. మన ఇళ్ళలో మాత్రం "ఒక్కడు గట్టివాడు వస్తే గాని ఈ దేశం బాగుపడదండీ" అన్న మాట వినని వాళ్ళెవరు? ఆ గట్టివాడు తప్పుచేస్తే అడిగేదెవరు అన్న ప్రశ్న మాత్రం అప్పుడు తోచదు.

సైన్యం వీధుల్ని ఎలా శుభ్రం చేసిందో కొద్దినెలల్లోనే తెలిసింది. అర్ధరాత్రి నంబరు పలక లేని కారొకటి వచ్చి ఇంటిముందు ఆగేది. మామూలు బట్టల్లో ఉన్న మనుషులు తుపాకులతో దిగేవారు. విద్యార్థినో, కార్మిక నాయకుణ్ణో, బడిపంతులునో, డాక్టరునో పక్కమీదనుంచి లేపి తీసుకుపోయేవారు. వెళ్తూ వెళ్తూ ఇంట్లో సామాను కూడా ఎత్తుకుపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. తెల్లవారాక తల్లి పోలీసుస్టేషనుకి వెళ్తే, "మీ అబ్బాయి పేరు మా పుస్తకంలో లేదు" అనేవారు. సైనిక శిబిరానికి వెళ్తే "మాకు తెలియదు". కోర్టుకి వెళ్తే "పట్టుకున్నామని ఎవరూ ఒప్పుకోవడంలేదు గనక మేము విడిపించమని ఎవరికి చెప్పాలి?" అని దరఖాస్తు కొట్టేసేవారు. అలా వేల దరఖాస్తులు కొట్టేశారు. చంపితే శవం ఉంటుంది, జైల్లో పెడితే రికార్డు ఉంటుంది. ఈ రెండూ లేకుండా మనిషిని మాయం చేస్తే జవాబు చెప్పే బాధ్యతే ఉండదని ఆ సేనాపతుల ఎత్తు.

మరి ఇరుగుపొరుగు ఏమన్నారు? ఆ రోజుల్లో అర్జెంటీనాలో రెండు మాటలు బాగా చెలామణీ అయ్యాయి. వాటిని తెలుగులోకి తేవడానికి నేనేమీ కష్టపడనక్కర్లేదు, మన నోట ఎప్పుడూ ఉండేవే. ఒకటి: "ఏదో చేసే ఉంటారులెండి, ఊరికే పట్టుకుపోతారా?" రెండోది: "మనకెందుకులే."

ఈ రెండు మాటలూ నేను కూడా అన్నాను గనక ఇక్కడ కాస్సేపు ఆగి నా సంగతి చెప్పుకుంటాను. చాలా ఏళ్ళ కిందట మా వీధిలో ఓ కుర్రాణ్ణి రాత్రి రెండుగంటలవేళ పోలీసులు తీసుకుపోయారు. తెల్లారుతుండగా వాళ్ళమ్మగారు మా గుమ్మంలోకి వచ్చి, "వదినగారూ, అన్నయ్యగారు ఒక్కసారి నాతో స్టేషనుదాకా వస్తారా? ఒక్కదాన్నీ వెళ్తే లోపలికి రానివ్వటం లేదు" అన్నారు. "మావారు స్నానంలో ఉన్నారండీ, చెప్తాను" అన్నాను. మావారు స్నానంలో లేరు. పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారు. ఆవిడ అలా నాలుగిళ్ళు తిరిగారు. నాలుగిళ్ళలోనూ మగవాళ్ళు స్నానంలోనే ఉన్నారు. సాయంత్రం నీళ్ళ కుళాయిదగ్గర అందరం కలిసి, "ఏదో చేసే ఉంటాడు" అని తేల్చేశాం. మూడోరోజున ఆ అబ్బాయి వచ్చేశాడు. ఎవరినో పట్టుకోబోయి ఇతన్ని పట్టుకున్నారట, పేరు ఒకటే కావడంవల్ల. ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. ఆ తర్వాత కూడా కరివేపాకు కోసం వెళ్తే నవ్వుతూనే కోసి ఇచ్చేవారు. కాని మళ్ళీ ఎప్పుడూ మా గుమ్మం ఎక్కి ఏదీ అడగలేదు.

సరే, బ్యూనస్ అయిరిస్‌కి వెళ్దాం. అసుసేనా విల్యాఫ్లోర్ అనే ఆవిడ నలుగురు పిల్లల తల్లి. పెళ్ళికి ముందు ఒక కంపెనీలో టెలిఫోను ఆపరేటరుగా పనిచేసింది, తర్వాత పూర్తిగా గృహిణి. 1976 నవంబరు 30న ఆవిడ కొడుకు నెస్తోర్‌నీ, అతనితో ఉన్న అమ్మాయినీ ఎత్తుకుపోయారు. అప్పటికి యాభై రెండేళ్ళ ఆవిడ, కొడుకు కోసం తిరగని ఆఫీసు లేదు. నౌకాదళానికి చెందిన ఒక చర్చిలో మతాధికారి ఒకాయన మాయమైన వాళ్ళ వివరాలు రాసుకుంటాడని తెలిసి అక్కడికీ వెళ్ళేది. ఆయనకోసం కాచుకుని కూర్చున్న బెంచీలమీద తనలాంటి తల్లులు కనబడ్డారు. రోజూ అవే మొహాలు, అవే కన్నీళ్ళు, అవే జవాబులు. ఒకరోజున ఆవిడ లేచి, "ఇలా ఎవరికి వాళ్ళం తిరిగితే ఒరిగేదేమీ లేదు. అందరం కలిసి చౌకులోకి వెళ్దాం. అధ్యక్షుడి కిటికీ ఎదురుగా నిలబడదాం. మనం ఎంతమందిమో ఆయన కళ్ళతో చూస్తాడు" అన్న అర్థం వచ్చేలా చెప్పింది.

1977 ఏప్రిల్ 30న పధ్నాలుగు మంది తల్లులు అలా వెళ్ళారు. మనకి కాలం గుర్తుండాలంటే, దానికి ముందు నెలలోనే మన దేశంలో ఇరవై ఒక్క నెలల ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఓటర్లు ఢిల్లీలో ప్రభుత్వాన్ని మార్చేశారు. మన చేతిలో ఓటుంది. ఆ తల్లుల చేతిలో అదీ లేదు. పార్లమెంటు మూసేశారు, పార్టీలు ఆపేశారు, పత్రికల నోరు నొక్కేశారు.

మొదటిసారి వెళ్ళింది శనివారం. ఆఫీసులకి సెలవు, చౌకులో పావురాలు తప్ప ఎవరూ లేరు. చూసేవాళ్ళు లేనప్పుడు వెళ్ళి ఏం లాభం? రెండోసారి శుక్రవారం వెళ్ళారు. శుక్రవారం మంత్రగత్తెల రోజు, అచ్చిరాదని ఒకావిడ అందిట. అట్లాంటి పట్టింపులు మనకే ఉన్నాయనుకుంటాం గాని అంతటా ఉన్నవే. ఆఖరికి గురువారం, మనవైపు లక్ష్మీవారం అంటామే, ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి అని ఖాయం చేసుకున్నారు. మగవాళ్ళని రావద్దన్నారు. మగవాళ్ళు వస్తే వెంటనే పట్టుకుపోతారు, తల్లులమీద చెయ్యి చేసుకోవడానికి వెనకాడతారని వాళ్ళ ఊహ.

ముగ్గురు కలిసి నిలబడితే నేరమని చట్టం. పోలీసులు వచ్చి "నిలబడకూడదు, నడవండి, నడవండి" అని గద్దించారు. "సరే, నడుస్తాం" అని వాళ్ళు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని, ఆ తెల్లటి స్తంభం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. మనం గుడిచుట్టూ ప్రదక్షిణం చేసినట్టు. పోలీసులు చెప్పిన మాటే విన్నారు, కాని వెళ్ళిపోలేదు. చట్టం తప్పకుండానే ఎదురు నిలవడమంటే అదీ!

ఆ అక్టోబరులో జనం వేలల్లో కాలినడకన వెళ్ళే మేరీమాత యాత్ర వచ్చింది. అంత గుంపులో ఒకరినొకరు ఎలా గుర్తుపట్టాలి? "ప్రతి ఇంట్లోనూ పిల్లల పొత్తిగుడ్డలు ఒకటో రెండో దాచుకుని ఉంటాం, అవి తలకి కట్టుకుందాం" అనుకున్నారు. పెద్దవాళ్ళయి మాయమైపోయిన పిల్లల చిన్ననాటి తెల్లగుడ్డలు అవి. తర్వాత అదే వాళ్ళ గుర్తయింది. ఆ తెల్లగుడ్డని ఇవాళ ప్రపంచమంతా గుర్తుపడుతుంది.

ఏలినవారికి మొదట నవ్వొచ్చింది. "చౌకులో పిచ్చివాళ్ళు" అన్నారు. తర్వాత భయం వేసింది. ఆ తల్లుల మధ్యకి బంగారు జుట్టు ఉన్న పాతికేళ్ళ కుర్రాడొకడు వచ్చాడు. తన అన్నని కూడా ఎత్తుకుపోయారని చెప్పాడు. "చౌకులో తిరక్కు నాయనా, నిన్ను కూడా పట్టుకుపోతారు" అని ఆ తల్లులు వాణ్ణి కన్నకొడుకులా కాపాడుకున్నారు. వాడు ఆస్తిస్ అనే నౌకాదళ అధికారి. వేగు.

ఆ డిసెంబరులో తల్లులు తలా కాస్త చందా వేసుకుని, మాయమైనవాళ్ళ పేర్లతో పేపర్లో ఒక ప్రకటన వేయిద్దామనుకున్నారు. డిసెంబరు 8న ఆ డబ్బు పోగుచేస్తున్న చర్చి బయట ఎస్తేర్ బాయెస్త్రినో, మరియా పోన్సే అనే ఇద్దరు తల్లుల్నీ, వాళ్ళకి సాయంగా ఉన్న ఫ్రెంచి సన్యాసినినీ, మరికొందరినీ పట్టుకుపోయారు. 10వ తారీకు, మానవహక్కుల దినంనాడు, ప్రకటన అచ్చయింది. ఆ పేపరు కొనుక్కుందామని ఉదయాన్నే ఇంట్లోంచి బయలుదేరిన అసుసేనాని నడివీధిలో ఎత్తుకుపోయారు. అదేరోజు ఇంకో ఫ్రెంచి సన్యాసినిని కూడా. వాళ్ళెవరూ తిరిగి రాలేదు.

ఈ ఎస్తేర్ సంగతి తలుచుకుంటే నాకు నోటమాట రాదు. ఆవిడ మాయమైన కూతురికోసమే ఈ తల్లులలో కలిసింది. పదహారేళ్ళ పిల్ల, కడుపుతో ఉంది. నాలుగు నెలల తర్వాత ఆ పిల్లని విడిచిపెట్టారు. కూతుర్ని విదేశంలో క్షేమంగా దిగబెట్టింది ఎస్తేర్. అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. తిరిగి వచ్చింది. "నీ బిడ్డ దొరికింది గదా, నువ్వెందుకు వచ్చావు?" అని తోటి తల్లులే కోప్పడితే, అందరి బిడ్డలూ దొరికేదాకా నా పని అయిపోలేదంది. కొద్దివారాల్లోనే ప్రాణం ఇచ్చింది. ఈవిడ రసాయన శాస్త్రం తెలిసిన మనిషి. ఒక లాబరేటరీలో ఈవిడ చేతికింద పనినేర్చుకున్న కుర్రాడు తర్వాత్తర్వాత 2013లో పోప్ ఫ్రాన్సిస్ అయ్యాడు.

నాయకురాలు పోయింది, వెనకాల ఉన్నవాళ్ళు ఇక ఇళ్ళలో కూర్చుంటారనుకున్నారు సేనాపతులు. తల్లులు మళ్ళీ వచ్చారు. సంఖ్య తగ్గింది, కాని గురువారం తప్పలేదు. 1978 జూన్ 1న అర్జెంటీనాలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మొదలయ్యాయి. దేశమంతా జెండాలు, పాటలు. ఆ రోజు గురువారమే! ప్రారంభోత్సవం చూపడానికి వచ్చిన డచ్చి టెలివిజన్‌వాళ్ళు కెమెరా తీసుకుని ఈ చౌకులోకి వచ్చారు. తమ దేశపు పత్రికల్లో ఒక్క అక్షరం పడని తల్లులు అలా పరదేశంలో ఇళ్ళిళ్ళకీ కనబడ్డారు. ఆ నెలాఖరున అర్జెంటీనా కప్పు గెలిచింది. స్టేడియానికి ఎంతో దూరంలేని నౌకాదళ శిక్షణాలయంలో చిత్రహింసలు పడుతున్న బందీలకి కూడా ఆ కేకలు వినబడ్డాయని, బతికి బయటపడినవాళ్ళు తర్వాత చెప్పారు.

1979లో అమెరికా ఖండాల దేశాల సంస్థ తరఫున మానవహక్కుల సంఘం విచారణకి వచ్చింది. వీధిలో బారులుతీరి జనం ఫిర్యాదులిచ్చారు. 5,500కి పైగా చేరాయి. అదేరోజుల్లో కార్ల అద్దాలకి అంటించుకునే కాగితాలు పంచారు, మేమందరం సవ్యమైనవాళ్ళం, మానవత్వం ఉన్నవాళ్ళం అని. మానవహక్కులు అన్న మాటనే విరిచి వేళాకోళం చేసిన కాగితాలు అవి. ఎంతోమంది మర్యాదస్తులు సంతోషంగా అంటించుకున్నారు. ఆ ఏడాది చివర ఒక విలేఖరి మాయమైనవాళ్ళ గురించి అడిగితే, వాళ్ళు చచ్చిపోయినట్టూ కాదు, బతికున్నట్టూ కాదు, కనబడటంలేదు, అంతే అన్నట్టు మాట్లాడాడు అధ్యక్షుడు విదేలా. ఒక దేశాధినేత తన ప్రజల గురించి చెప్పిన జవాబు అది!

పోనీ, అడిగేవాళ్ళ నోరుమూసి దేశాన్నయినా బాగుచేశారా? 1976లో సుమారు 800 కోట్ల డాలర్లున్న విదేశీ అప్పు, వాళ్ళు దిగిపోయేనాటికి 4,500 కోట్లయింది. 1982 ఏప్రిల్‌లో జనం దృష్టి మళ్ళించడానికి ఫాక్‌లాండ్ దీవులమీదకి సైన్యాన్ని పంపారు. మాల్వినాస్ అని వాళ్ళంటారు. అదే చౌకులో జనం చేరి జేజేలు కొట్టారు. తల్లులు మాత్రం "మాల్వినాస్ మనవే, మాయమైనవాళ్ళూ మనవాళ్ళే" అన్నారు. ద్రోహులు అనిపించుకున్నారు. జూన్ 14కి యుద్ధం ఓడిపోయింది. పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రవాళ్ళతో సహా 649 మంది అర్జెంటీనా సైనికులు చనిపోయారు. లెక్క చెప్పక్కర్లేదని అలవాటుపడ్డవాడు ఒక్క విషయంలోనే తప్పుచేసి ఆగడు. ఇంట్లో డబ్బు విషయంలో జవాబు చెప్పని మగవాడు మిగతా విషయాల్లో ఎలా ఉంటాడో మనకి తెలియనిది కాదు.

ఆ ఓటమితో సేనాపతుల పరువు పోయింది. దిగేముందు తమని ఎవరూ శిక్షించకూడదని తామే ఒక చట్టం రాసుకున్నారు. 1983 అక్టోబరు ఎన్నికల్లో గెలిచిన అల్ఫోన్సిన్ డిసెంబరు 10న అధ్యక్షుడవుతూనే, కొత్త పార్లమెంటు ఆ చట్టాన్ని కొట్టేసింది. రచయిత ఎర్నెస్తో సాబాతో అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. అప్పుడు అక్కరకొచ్చింది ఇన్నేళ్ళూ ఆ ఆడవాళ్ళూ, వాళ్ళవంటి కుటుంబాలూ దాచుకున్న లెక్క. ఏ రాత్రి, ఎన్నిగంటలకి, ఎంతమంది వచ్చారు, కారు ఏ రంగు, ఏ స్టేషనులో ఎవరు ఏమన్నారు. చాకలిపద్దు రాసుకున్నంత ఓపికగా గుర్తుపెట్టుకున్నవి అవన్నీ. విచారణ సంఘం 8,900కి పైగా మాయమైనవాళ్ళ వివరాలు నమోదుచేసింది. 30,000 మంది అని మానవహక్కుల సంఘాలు అంటాయి. దాదాపు 340 రహస్య చెరసాలలు బయటపడ్డాయి. చాలామంది బందీలకి మత్తిచ్చి విమానంలో తీసుకెళ్ళి సముద్రంలో తోసేశారని తేలింది.

1985 ఏప్రిల్ 22న తొమ్మిదిమంది మాజీ సేనాపతుల్ని మామూలు సివిల్ కోర్టులో, మామూలు న్యాయమూర్తుల ఎదుట నిలబెట్టారు. 800 మందికి పైగా సాక్ష్యం చెప్పారు. ఆయుధాలు పట్టిన తిరుగుబాటు నాయకులమీద కూడా కేసులు పెట్టారు. డిసెంబరు 9న తీర్పు. విదేలాకీ, మస్సేరాకీ యావజ్జీవం. ముగ్గురికి తక్కువ శిక్షలు. నలుగురిని వదిలేశారు. తమ దేశాన్ని ఏలిన సేనాపతుల్ని తమ కోర్టులోనే, తమ చట్టంతోనే బోనెక్కించడం లోకంలో చాలా అరుదుగా జరిగే సంగతి.

కథ ఇక్కడ ముగిస్తే బాగానే ఉంటుంది. కాని చరిత్ర మనం చెప్పినచోట ఆగదు. సైన్యం మళ్ళీ గుర్రుమంది. భయపడి 1986లో ఒకటి, 1987లో ఒకటి, కేసులు ఆపేసే చట్టాలు చేశారు. తర్వాత వచ్చిన అధ్యక్షుడు మెనెమ్ 1990 చివర్లో విదేలానే క్షమించి వదిలేశాడు. తల్లులలోనూ అభిప్రాయభేదాలు వచ్చి రెండు వర్గాలయ్యారు. ఏమైనా గురువారం మాత్రం ఆగలేదు.

ఇక అమ్మమ్మలు, నాయనమ్మల సంగతి. కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని కూడా ఎత్తుకుపోయారు గదా. వాళ్ళకి చెరలో పురుడు రానిచ్చి, బిడ్డని తీసి సైనికుల ఇళ్ళకో, వాళ్ళ స్నేహితులకో ఇచ్చేసి, తల్లిని చంపేశారు. అలాంటి పిల్లలు సుమారు 500 మంది అని ఆ పెద్దవాళ్ళ అంచనా. బిడ్డ తల్లీతండ్రీ ఇద్దరూ లేరు, మరి వీడు మా మనవడే అని రుజువు చేయడం ఎలా? ఈ ప్రశ్న పట్టుకుని వాళ్ళు దేశదేశాల శాస్త్రజ్ఞుల్ని అడిగారు. మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మరికొందరూ కలిసి, అమ్మమ్మ, తాతల రక్తంతోనే మనవల్ని గుర్తుపట్టే పద్ధతి తయారుచేశారు. 1987లో దానికోసం ప్రభుత్వం ఒక భాండాగారమే పెట్టింది.

ఇక్కడే ఉంది తమాషా. ఆ క్షమాపణ చట్టాలు చంపడాన్ని క్షమించాయి, హింసించడాన్ని క్షమించాయి. కాని పసిపిల్లల దొంగతనాన్ని ఆ క్షమాపణలో కలపలేదు. ఆ ఒక్క సందు పట్టుకుని ముసలమ్మలు కోర్టులకి వెళ్ళారు. 1998లో విదేలాని మళ్ళీ అరెస్టు చేశారు. 2003లో పార్లమెంటు ఆ చట్టాల్ని రద్దుచేసింది. 2005లో సుప్రీంకోర్టు అవి చెల్లవంది. 2011లో ఆ బంగారు జుట్టు వేగుకి యావజ్జీవం పడింది. 2012లో పిల్లల దొంగతనానికి విదేలాకి యాభై ఏళ్ళ శిక్ష పడింది. 2013 మే 17న ఆయన జైల్లోనే చనిపోయాడు.

2005లో ఇంకొకటి కూడా జరిగింది. 1977 డిసెంబరులో సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన కొన్ని శవాల్ని ఒక పల్లెటూరి శ్మశానంలో పేరులేకుండా పాతిపెట్టారు. ఎముకలు పరీక్షిస్తే వాటిలో అసుసేనా, ఎస్తేర్, మరియా ఉన్నారని తేలింది. అసుసేనా అస్థికల్ని ఆ చౌకులోనే, ఆ తెల్లటి స్తంభం పాదం దగ్గర ఉంచారు. ఎస్తేలా ద కార్లొత్తో అనే బడిపంతులమ్మ, చెరలో పుట్టిన తన మనవణ్ణి వెదకడం మొదలుపెట్టాక 2014 ఆగస్టులో అతను దొరికాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఆరేళ్ళు. 2025 నాటికి అలా 140 మంది మనవలు తమ అసలు పేరు తెలుసుకున్నారు. ఆ చౌకు నేలమీద స్తంభం చుట్టూ తెల్లగుడ్డల బొమ్మలు గీసి ఉంటాయి. రెండువేలకు పైగా గురువారాలు నడిచిన దారి అది.

సోదరీమణులారా, ఈ తల్లులు ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. పడగొట్టింది ఓడిపోయిన యుద్ధం, కుంగిపోయిన ఆర్థికవ్యవస్థ. వీళ్ళు చేసింది వేరు. ప్రభుత్వం మారేనాటికి అడగవలసిన ప్రశ్న బతికి ఉండేలా చూశారు. పద్దు చెరిగిపోకుండా కాపాడారు. ఏలేవాళ్ళు తప్పుచేస్తే ప్రజల బాధ్యత ఏమిటని ఎవరైనా అడిగితే, ముందుగా ఇదే చెప్పాలి. మరిచిపోకపోవడం. వాళ్ళు ఒక్క రాయి విసరలేదు. పగ తీర్చుకుంటామనలేదు. కోర్టు పెట్టండి, సాక్ష్యం వినండి అన్నారు. లెక్క అడగడానికీ, కక్ష తీర్చుకోవడానికీ మధ్య గీత అదే.

మన దేశంలో ఆ కష్టాలు లేవు గదా అనవచ్చు. నిజమే, మనకి ఓటుంది, కోర్టులున్నాయి. 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టం కింద కేంద్రప్రభుత్వ కార్యాలయాన్నయితే పది రూపాయల రుసుముతో లెక్క అడగవచ్చు, మామూలుగా ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మనలో ఎంతమందిమి అడిగాం? వేలిమీద సిరాచుక్క పడగానే మన పని అయిపోయిందనుకుంటాం. పాలవాడి ఖాతాలో ఒక్క పూట తేడావస్తే ఊరుకోని వాళ్ళం, అయిదేళ్ళకోసారి వచ్చే మనిషిని పోయినసారి చెప్పింది ఏమయిందని అడగడానికి మొహమాటపడతాం. మనకి నచ్చిన నాయకుడైతే మరీనూ. నచ్చనివాణ్ణి అడగడం సులువే. నచ్చినవాణ్ణి అడిగినప్పుడే అది లెక్క అవుతుంది.

అన్నిటికన్నా ముందు మానవలసింది ఆ రెండు మాటలు. "ఏదో చేసే ఉంటారు", "మనకెందుకులే". సేనాపతుల తుపాకులకన్నా ఆ మాటలే వాళ్ళని ఎక్కువకాలం కాపాడాయి. ఆ రోజు తెల్లవారుజామున మా గుమ్మంలో నిలబడ్డ ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. క్షమించమని అడగడానికి ఎన్నోసార్లు నోరు తెరిచి, కరివేపాకు అడిగి తిరిగొచ్చాను. ఇవాళ ఈ నాలుగు మాటలూ ఆవిడ చెవిన పడితే బాగుండును. మళ్ళీ ఎవరైనా అలా వచ్చి తలుపు తడితే, మావారు ఎక్కడున్నా సరే, నేనే చెప్పులు వేసుకుని వెంట వెళ్తాను. మీరూ వస్తారు గదూ?